ద్రవ జెనాన్, ద్రవ ఆర్గాన్ వెలుగుకు సిలికాన్ సెన్సర్: నేరుగా పట్టాలా, రంగు మార్చి పట్టాలా?

కణం తగిలితే వెలుగు చిమ్మే ద్రవంతో డిటెక్టర్ కట్టేవారు, ఆ వెలుగును పట్టే సెన్సర్లకు కొటేషన్లు తెప్పించుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. పాత్రలో పోసేది జెనానా, ఆర్గానా? ద్రవ జెనాన్ వెలుగు 175 నానోమీటర్ల దగ్గర వస్తుంది, ఒక్కో ఫోటాన్‌కు దాదాపు 7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. ద్రవ ఆర్గాన్‌ది 128 నానోమీటర్లు, 9.7 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండూ వాక్యూమ్ అల్ట్రావయొలెట్ కిందికే వస్తాయి. ఇకనుంచి వీయూవీ అందాం. మధ్యలో ఉన్నది 47 నానోమీటర్లే గానీ, కిటికీ గాజు మొదలుకొని గోడల పూత, సెన్సర్ రకం, చివరికి డార్క్ కౌంట్ (వెలుగు లేకుండానే వచ్చే దొంగ పల్సులు) లెక్క దాకా అన్నీ ఆ తేడాతోనే మారిపోతాయి. చాలామంది డేటాషీట్‌లో పీడీఈ, అంటే ఫోటాన్‌ను పట్టే సామర్థ్యం, ఏది ఎక్కువో చూసి ఎంచుకుంటారు. సెన్సర్ పట్టని ఫోటాన్ తర్వాత ఎక్కడికి పోతుందన్నది అంతకంటే ముఖ్యం.

సిలికాన్‌కు ఈ వెలుగు ఎందుకు గిట్టదు

175 నానోమీటర్ల ఫోటాన్ సిలికాన్‌లో ఐదారు నానోమీటర్ల లోతుకే ఆగిపోతుంది. మామూలు సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ (ఒక్క ఫోటాన్‌ను కూడా పట్టగల చిన్న పిక్సెళ్ల చిప్) మీద ఎపాక్సీ లేదా సిలికోన్ రెజిన్ పొర ఉంటుంది. వీయూవీకి అది ఇనుప రేకుతో సమానం. రెజిన్ తీసేసినా పైనున్న రక్షణ పొర కొంత మింగేస్తుంది. ఇదంతా దాటి లోపలికి వచ్చిన ఫోటాన్ పుట్టించిన ఛార్జి, అవలాంచి, అంటే ఛార్జి వరదలా పెరగడం, మొదలయ్యే చోటికి చేరకుండానే ఉపరితలం దగ్గర మాయమవుతుంది. అందుకే వీయూవీ రకాల్లో రెజిన్ ఉండదు, పై పొర పలుచగా ఉంటుంది, అవలాంచి జరిగే జంక్షన్ పైకి జరిగి ఉంటుంది.

అంత చేసినా నూటికి ఇరవై దగ్గరే ఆగడానికి కారణం ప్రతిఫలనం. ఈ తరంగదైర్ఘ్యాల్లో నున్నటి సిలికాన్ తన మీద పడ్డ వెలుగులో సగానికి పైగా వెనక్కి కొడుతుంది. మిగిలినదాంట్లో పిక్సెళ్ల మధ్య ఖాళీల వాటా పోతుంది. జెనాన్ డిటెక్టర్లో అలా వెనక్కి పోయిన వెలుగు నష్టం కాదు, గోడలు బాగుంటే అది ఇంకో సెన్సర్ మీద పడుతుంది. పీడీఈ 15 శాతం ఉన్న సెన్సర్‌తో కూడా మంచి డిటెక్టర్ కట్టగలిగేది అందుకే.

ఆర్గాన్‌కు అసలు లెక్క

ఆర్గాన్‌లో రెండు దారులున్నాయి. వీయూవీ సెన్సర్‌తో నేరుగా పట్టడం ఒకటి, టీపీబీ (టెట్రాఫినైల్ బ్యూటాడయీన్) అనే రంగు మార్చే పదార్థపు పూతతో 420 నానోమీటర్ల నీలి వెలుగుగా మార్చి మామూలు సెన్సర్‌తో పట్టడం ఇంకొకటి. ఒక్క సెన్సర్ వరకు లెక్క వేసి చూద్దాం.

టీపీబీ మీద 128 నానోమీటర్ల ఫోటాన్లు 100 పడితే నీలి ఫోటాన్లు సుమారు 60 వస్తాయి. 2018లో వచ్చిన కొలతల అంకె ఇది. అంతకుముందు కొలతల్లో నూటికి నూరు దాటిన అంకెలు కూడా ఉన్నాయి, వాటి మీద లెక్కలు కట్టుకోవద్దు. ఆ 60లో సగం సెన్సర్ వైపు, సగం వెనక్కి. మిగిలిన 30ని నీలి వెలుగులో 50 శాతం పీడీఈ ఉన్న సెన్సర్ చూస్తే చేతికొచ్చేది 15. ఇప్పుడు పూత లేకుండా చూడండి. జపాన్ సంస్థ హమమత్సు చేసే వీయూవీ4 రకానికి 128 నానోమీటర్ల దగ్గర, 4 వోల్టుల ఓవర్‌వోల్టేజిలో (అవలాంచి మొదలయ్యే బ్రేక్‌డౌన్ వోల్టేజికి పైన ఇచ్చేది) వచ్చేది దాదాపు 15 శాతమే. రెండూ సమానం!

మరి తేల్చేది ఏమిటంటే, వెనక్కి పోయిన ఆ 30 నీలి ఫోటాన్లు. గోడలకు బహుళపొరల ప్రతిఫలక ఫిల్మ్ అతికించి, దాని మీద కూడా టీపీబీ పూస్తే, 400 నానోమీటర్లు దాటిన వెలుగును ఆ ఫిల్మ్ 98 శాతం దాకా తిప్పి పంపుతుంది. నీలి ఫోటాన్ పదిసార్లు గోడకు తగిలి కూడా బతికే ఉంటుంది. 128 నానోమీటర్లకు అలాంటి గోడ దొరకదు. టెఫ్లాన్ ఇక్కడ పనికిరాదు. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూసిన అల్యూమినియం మంచిదే గానీ, నాలుగైదు దెబ్బలకే సగానికి పైగా పోతుంది. కాబట్టి మూసిన పాత్ర, చుట్టూ గోడలు, వెలుగు మొత్తం కావాలి అనుకుంటే టీపీబీ వైపే మొగ్గాలి. కృష్ణపదార్థం వెతికే డార్క్‌సైడ్-20కె ప్రయోగం తీసుకున్న దారి అదే.

నేరుగా పట్టడం గెలిచే సందర్భాలూ ఉన్నాయి. పాత్ర చిన్నదై లోపలి ఉపరితలంలో ఎక్కువ భాగం సెన్సర్లే అయితే, లేదా వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించడమే పని అయితే పూత అడ్డం. రంగు మారిన వెలుగుకు దిశ గుర్తుండదు. ఇంకో సందర్భం, మిల్లీసెకన్ల దాకా సాగే టీపీబీ ఆలస్యపు వెలుగు మీ కొలతను చెడగొట్టేటప్పుడు. ఆర్గాన్‌లో 7 నానోసెకన్ల వేగపు భాగాన్నీ, సుమారు 1.5 మైక్రోసెకన్ల నెమ్మది భాగాన్నీ విడదీసి కణాన్ని గుర్తించేవారు ఈ తోకను తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

టీపీబీ పూతకు చదరపు సెంటీమీటరుకు 200 మైక్రోగ్రాములు, అంటే రెండు మైక్రాన్ల లోపు మందం, మంచి ప్రారంభ బిందువు. వాక్యూమ్‌లో ఆవిరి చేసి పూయాలి. మరీ పలచనైతే వీయూవీ దాటిపోతుంది, మరీ మందమైతే నీలి వెలుగు అందులోనే చెదిరిపోతుంది, పైగా చల్లబడ్డప్పుడు పొట్టు లేస్తుంది. పూసిన పలకలను ట్యూబ్‌లైట్ కింద, కిటికీ పక్కన ఉంచడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. అల్ట్రావయొలెట్ తగిలిన టీపీబీ బెంజోఫినోన్‌గా మారి సామర్థ్యం కోల్పోతుంది.  పసుపు దీపాల గదిలో పని, నల్ల కవర్లో నిల్వ.

ఆవిరి పరికరం లేనివారికి, పదుల చదరపు మీటర్లు కప్పాల్సినవారికి పెన్ ఫిల్మ్ ఉంది, అంటే పాలిఇథిలీన్ నాఫ్తలేట్. చుట్టగా దొరుకుతుంది, కత్తిరించి అతికించుకోవచ్చు. టీపీబీలో సగం ఫలితం వస్తుందనుకుని లెక్క వేసుకోండి. బయటి కణాలను గుర్తించి తీసేయడానికి చుట్టూ రక్షణగా పెట్టే వీటో భాగాలకు ఇది చాలు. సెన్సర్ ఎదురుగా మాత్రం వద్దు.

పట్టి ఉంచే డబ్బా, జెనాన్ చుక్క

వెలుగు పట్టాల్సిన విస్తీర్ణం పెద్దది, సెన్సర్లు కొన్నే ఉంటే, ఎక్స్-అరాపుకా లాంటి కాంతి ఉచ్చు సరైన ఎంపిక. డ్యూన్ న్యూట్రినో ప్రయోగం ఎంచుకున్నది ఇదే. పైన పారా-టెర్ఫినైల్ పూత 128ని సుమారు 350కి మారుస్తుంది. 400 లోపు వెలుగును పోనిచ్చి ఆపైన దాన్ని వెనక్కి కొట్టే డైక్రోయిక్ ఫిల్టర్ దాన్ని లోపలికి వదులుతుంది. లోపలి ప్లాస్టిక్ పలక ఆ వెలుగును 430కి మారుస్తుంది. ఇప్పుడది ఫిల్టర్ గుండా బయటికి పోలేదు, తిరిగి తిరిగి అంచునున్న సెన్సర్లకు చేరుతుంది. మొత్తం సామర్థ్యం రెండు మూడు శాతమే. 15తో పోల్చి పెదవి విరవకండి. ఆ రెండు మూడు శాతం మొత్తం కిటికీ విస్తీర్ణానికి వర్తిస్తుంది, 15 మాత్రం సిలికాన్ ఉన్నంత మేరకే.

ఆర్గాన్‌లో పది, ఇరవై పీపీఎం (పది లక్షల్లో వంతులు) జెనాన్ కలపడం ఇంకో మార్గం. ఆర్గాన్ శక్తి జెనాన్‌కు బదిలీ అయి వెలుగు 175కి మారుతుంది. డ్యూన్ నమూనా డిటెక్టర్ ప్రోటోడ్యూన్‌లో 18.8 పీపీఎం దాకా కలిపి చూశారు. 128 నానోమీటర్ల వెలుగు ఆర్గాన్‌లో మీటరు దూరానికే చెదురుతుంది, 175 అంతకంటే చాలా దూరం నేరుగా పోతుంది. పెద్ద పాత్రలో దూరపు మూలలు చీకటిగా ఉంటే ఇది మందులా పనిచేస్తుంది. నెమ్మది భాగం ఆకారం మారిపోతుంది కాబట్టి పల్స్ ఆకారంతో కణాన్ని గుర్తించేవారికి మాత్రం ఇది విరుద్ధం.

జెనాన్‌కు: నేరుగా, ఇంకో మాట లేదు

టీపీబీ ద్రవ జెనాన్‌లో కరుగుతుంది. అక్కడితో ఆ దారి మూసుకున్నట్టే. పైగా అవసరమూ లేదు, ద్రవ జెనాన్‌లో మునిగిన టెఫ్లాన్ 175 దగ్గర 95 శాతం పైనే ప్రతిఫలిస్తుంది. మిగిలిన ప్రశ్నలు రెండే. ఏ వీయూవీ సెన్సర్, లేక పాత పీఎంటీయే (వాక్యూమ్ గొట్టపు ఫొటోమల్టిప్లయర్) మేలా?

హమమత్సు ఎస్13370 వరుస కేటలాగ్‌లో దొరుకుతుంది. అదే వీయూవీ4 తరం, 3 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల చదరాల్లో వస్తుంది. తయారీదారు చెప్పే పీడీఈ 24 శాతం. జెనాన్ ఉష్ణోగ్రతలో స్వతంత్రంగా కొలిచినవారికి 11 నుంచి 20 శాతం దాకా వచ్చింది. నమూనాకూ నమూనాకూ తేడా ఉంది, కొలిచే పద్ధతికీ తేడా ఉంది. డిజైన్ లెక్కల్లో 15 వేసుకోండి. అంతకంటే ఎక్కువ వస్తే అది లాభం.

ఇటలీలోని ఎఫ్‌బీకే సంస్థ చేసే వీయూవీ-హెచ్‌డీ వరుసదీ ఇంచుమించు ఇదే స్థాయి పీడీఈ. మూడో తరంలో డార్క్ కౌంట్ కూడా బాగా తగ్గింది. అది చాలా తక్కువ వోల్టేజితో నడుస్తుంది, చలిలో బ్రేక్‌డౌన్ 30 వోల్టుల లోపే. అయితే ఇది ప్రయోగం కోసం వేఫర్ల లెక్కన చేయించుకునే వస్తువు. పది సెన్సర్లతో పరీక్షా పాత్ర కట్టేవారికి హమమత్సు, చదరపు మీటర్లు కప్పేవారికి రెండింటి నమూనాలూ తెప్పించి ఒకే బల్ల మీద కొలవడం. మధ్యస్థంగా ఇంకో సలహా లేదు.

ఆర్డర్‌లో కిటికీ సంగతి స్పష్టంగా రాయండి. క్వార్ట్జ్ కిటికీ 175కి సరే, అదీ వీయూవీ గ్రేడ్ అయితేనే. 128 దానిగుండా అస్సలు పోదు. ఆర్గాన్‌లో నేరుగా పట్టాలంటే కిటికీ లేని రకమే తీసుకోవాలి. బెంచి మీద పాత్రకు కిటికీ కావాలంటే మెగ్నీషియం ఫ్లోరైడ్, అది 115 దాకా పోనిస్తుంది.

పీఎంటీ విషయానికి వస్తే, అడగాల్సింది డార్క్ కౌంట్. జెనాన్ చలిలో, అంటే 165 కెల్విన్ దగ్గర, వీయూవీ4 చదరపు మిల్లీమీటరుకు 0.14 హెర్ట్జ్ చూపింది. మూడంగుళాల ఆర్11410 పీఎంటీ అదే చలిలో మొత్తం మీద సుమారు 40 హెర్ట్జ్, అంటే చదరపు మిల్లీమీటరుకు 0.012. చదరపు మీటరు కప్పితే సిలికాన్‌తో సెకనుకు 1,40,000 దొంగ పల్సులు, పీఎంటీలతో 12,000. రెండు మూడు ఫోటాన్లతోనే సంఘటనను గుర్తించాల్సిన కృష్ణపదార్థ అన్వేషణలో ఈ పది రెట్ల తేడా భరించలేనిది. జెనాన్‌ఎన్‌టీ ప్రయోగం 494 పీఎంటీలతో నడవడానికి ఇదొక కారణం. వేల ఫోటాన్లు వచ్చే చోట ఈ డార్క్ కౌంట్ లెక్కలోకే రాదు. అక్కడ సిలికాన్‌లో రేడియోధార్మికత తక్కువ కావడం, పలుచగా గోడంతా పరచగలగడం గెలుస్తాయి. డబుల్ బీటా క్షయం వెతికే నెక్సో డిజైన్‌లో అందుకే సిలికాన్ ఉంది. దానికి ముందు ఎక్సో-200 వాడిన 468 పెద్ద అవలాంచి ఫొటోడయోడ్లు ఒక్క ఫోటాన్‌ను విడిగా చూడలేవు. ఆ దారిలోకి ఇప్పుడు కొత్తగా వెళ్లాల్సిన పని లేదు.

ఆర్గాన్ ఉండే 87 కెల్విన్‌లో చలికి తగ్గట్టు చేసిన సెన్సర్ల డార్క్ కౌంట్ చదరపు మిల్లీమీటరుకు మిల్లీహెర్ట్జ్ స్థాయికి పడిపోతుంది. అక్కడ ఈ వాదనే పుట్టదు.

చలిలో చెడేవి

అన్నిటికంటే ముందు వోల్టేజి. వీయూవీ4 బ్రేక్‌డౌన్ గది ఉష్ణోగ్రతలో 53 వోల్టుల దగ్గర ఉంటుంది, డిగ్రీకి దాదాపు 50 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. జెనాన్‌కు 133 డిగ్రీలు దిగితే ఆరున్నర వోల్టులకు పైగా పడి 46 దగ్గరకు వస్తుంది. గదిలో 57 పెట్టి 4 వోల్టుల ఓవర్‌వోల్టేజితో చూసిన సెన్సర్‌ను అదే 57తో చలిలోకి దించితే ఓవర్‌వోల్టేజి 11 అవుతుంది. ప్రతి పల్సు వెంటా క్రాస్‌టాక్ (పక్క పిక్సెల్‌ను కూడా మోగించడం), ఆఫ్టర్‌పల్సుల (అదే పిక్సెల్ కాస్త ఆగి మళ్లీ మోగడం) గుంపు వస్తుంది. ఓసిల్లోస్కోపు మీద గడ్డి మొలిచినట్టు కనపడుతుంది. సెన్సర్ పాడైందనుకుని పక్కన పెట్టేస్తారు. అది పాడు కాలేదు. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా కరెంటు-వోల్టేజి గీత తీసి బ్రేక్‌డౌన్ మళ్లీ కొలవండి, ఓవర్‌వోల్టేజిని స్థిరంగా ఉంచండి. ద్రవ నైట్రోజన్‌లో 77 కెల్విన్ దగ్గర తీసిన అంకెను 87 కెల్విన్ ఆర్గాన్‌కు అలాగే వాడినా నాలుగైదు వందల మిల్లీవోల్టుల తేడా వస్తుంది.

బయాస్ లైన్‌లో, అంటే సెన్సర్‌కు వోల్టేజి ఇచ్చే తీగలో, రెసిస్టర్ ఎంతన్నదీ చూసుకోవాలి. వెలుగు ఎక్కువై సగటు కరెంటు 10 మైక్రోఆంపియర్లు దాటితే 100 కిలోఓమ్‌ల మీద ఒక వోల్టు పోతుంది. 4 వోల్టుల ఓవర్‌వోల్టేజిలో పావు వంతు అది, పీడీఈ, గెయిన్ (ఒక్క ఫోటాన్‌కు వచ్చే ఛార్జి) రెండూ కిందికి జారతాయి. 10 కిలోఓమ్‌లైతే పోయేది 0.1 వోల్టే.

ఫిల్టర్ కెపాసిటర్లుగా ఎక్స్7ఆర్ అనే సిరామిక్ రకం పెట్టిన బోర్డు గదిలో చక్కగా పనిచేసి, చలిలో రొదపెడుతుంది. వాటి విలువ 77 కెల్విన్‌లో సగం, అంతకుమించి కూడా పడిపోతుంది. సీ0జీ రకం స్థిరంగా ఉంటుంది, సైజు పెద్దదైనా అదే పెట్టాలి. రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్. చలిలో నడిచే ఆంప్లిఫయర్ కావాలంటే సిలికాన్-జెర్మేనియం రకంలో వెతకండి. డార్క్‌సైడ్ వారి ముందు దశ బోర్డుల్లో వాడిన ఎల్ఎంహెచ్6629 అలాంటిదే.

సెన్సర్లో కూడా పాలిసిలికాన్ క్వెంచింగ్ రెసిస్టర్ (అవలాంచిని ఆపేది) ఉంటే దాని విలువ చలిలో కొన్ని రెట్లు పెరిగి, పిక్సెల్ కోలుకునే సమయం సాగుతుంది. లోహపు ఫిల్మ్ రెసిస్టర్ ఉన్న రకాల్లో ఈ సమస్య తక్కువ.

పెద్ద విస్తీర్ణాన్ని ఒక ఛానెల్‌గా కలపడం ఇంకో మెలిక. 6 మిల్లీమీటర్ల సెన్సర్ కెపాసిటెన్స్ 1,280 పికోఫారడ్‌ల దగ్గర ఉంటుంది. నాలుగింటిని సమాంతరంగా కలిపితే 5,120, పల్సు మందగించి రొద పెరుగుతుంది. శ్రేణిలో కలిపితే 320, పల్సు చురుగ్గా ఉంటుంది గానీ ఛార్జి పావు వంతు, బయాస్ నాలుగు రెట్లు. బయాస్‌ను సమాంతరంగా ఇచ్చి, సిగ్నల్‌ను మాత్రం కెపాసిటర్ల ద్వారా శ్రేణిలో తీసే మిశ్రమ పద్ధతి మా దృష్టిలో మేలైనది. నాలుగు సెన్సర్ల బ్రేక్‌డౌన్ ఒకటికొకటి 0.1 వోల్టు లోపు ఉండేలా ముందే జతలు కట్టుకోవాలి.

కొనేముందు బల్ల మీద చూడాల్సింది

గాలిలో కొలవడం కుదరదు. ఈ తరంగదైర్ఘ్యాలను ఆక్సిజన్, నీటి ఆవిరి మింగేస్తాయి. వాక్యూమ్ లేదా శుభ్రమైన నైట్రోజన్ ప్రవాహం కావాలి. నైట్రోజన్ వదిలాక కౌంట్ పెరుగుతూ పోయి ఒకచోట నిలబడుతుంది. అలా నిలబడ్డాకే కొలత మొదలుపెట్టాలి.

దీపం నుంచి వచ్చే కనపడే వెలుగు లీకు ఎక్కువమందిని మోసం చేసేది. ఈ సెన్సర్లు వీయూవీలో కంటే నీలి వెలుగులోనే బాగా చూస్తాయి. ఫిల్టర్ కొద్దిగా నీలాన్ని వదిలినా పీడీఈ ఎక్కువగా కనపడుతుంది. పరీక్ష సులువు. దారిలో మైక్రోస్కోపు గాజు పలక ఒకటి పెట్టండి. వీయూవీ పూర్తిగా ఆగిపోతుంది, ఇంకా మిగిలిన కౌంట్ అంతా లీకే. 200, 300 నానోమీటర్ల మధ్య లీకును ఈ గాజు కూడా ఆపేస్తుంది కాబట్టి, దానికి విడిగా ఆ మేరకు పోనిచ్చే ఫిల్టర్‌తో మరోసారి చూడాలి.

పల్సు ఛార్జి సగటుతో పీడీఈ లెక్కిస్తే క్రాస్‌టాక్ అందులో కలిసిపోతుంది. ఖాళీల లెక్క వాడండి. దీపం 10,000 సార్లు వెలిగిస్తే 7,400 సార్లు ఏమీ రాలేదనుకోండి. 0.74 సహజ లాగరిథమ్‌కు గుర్తు మార్చితే 0.301. దీపం ఆర్పి చూసినప్పుడు 9,900 ఖాళీలు వస్తే 0.010. తీసేస్తే ఒక్క మెరుపుకు 0.291 ఫోటాన్లు పట్టినట్టు. క్రాస్‌టాక్ 20 శాతం ఉన్న సెన్సర్‌కు సగటు పద్ధతి ఇదే చోట 0.35 చూపేది, అది లేని గొప్ప.

కిటికీ లేని చిప్‌ను వేలితో తాకరాదన్నది అందరికీ తెలుసు. జిగురు, కేబుల్ తొడుగుల నుంచి వచ్చే ఆవిరి చల్లని చిప్ మీద పేరుకుని చేసే నష్టం అంతే పెద్దది, కొన్ని నానోమీటర్ల సేంద్రియ పొర చాలు. పాత్రలో చిప్ అన్నిటికంటే చల్లగా ఉండకుండా చల్లబరిచే క్రమం సర్దుకోండి. పైకి తీసేటప్పుడు పొడి నైట్రోజన్‌లోనే గది వేడికి రానివ్వాలి, లేకపోతే తేమ ఎక్కుతుంది.

ఎక్కువ కిరణ తీవ్రతలో వాడేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. స్విట్జర్లాండ్ పీఎస్ఐ పరిశోధన సంస్థలో మెగ్-2 ప్రయోగం 900 లీటర్ల జెనాన్ చుట్టూ 4,092 వీయూవీ సెన్సర్లు పెట్టింది. మ్యూయాన్ కిరణం నడుస్తున్నకొద్దీ వాటి వీయూవీ పీడీఈ తగ్గుతూ వచ్చింది. వీయూవీ తగిలి ఆక్సైడ్ పొర దగ్గర ఛార్జి పేరుకుపోవడమే దీనికి కారణమని భావిస్తారు. విరుగుడు వేడి. సెన్సర్ గుండానే కరెంటు పంపి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే పీడీఈ తిరిగి వచ్చింది. మీ ప్రయోగంలో రోజుకు పడే వీయూవీ ఎక్కువైతే, జెనాన్ ఖాళీ చేసి సెన్సర్లను వేడి చేయడానికి సరిపడే కరెంటు మోయగల తీగలు, కనెక్టర్లు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. బయాస్ లైన్‌లో 10 కిలోఓమ్‌లు పెట్టేశాక ఆ కరెంటు అటునుంచి పోదు, దాన్ని దాటే దారి విడిగా వేసుకోవాలి.